వార్ప్ అని రాసి ఉన్న కార్డులన్నీ కలిపితే వార్ప్ డెక్ అవుతుందా?

జడ్చర్ల తమ్ముడి ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "అన్నా, మ్యాజిక్ ది గ్యాదరింగ్‌లో ఎడ్జ్ ఆఫ్ ఎటర్నిటీస్ సెట్ నుంచి వార్ప్ మెకానిక్ నాకు బాగా నచ్చింది. వార్ప్ ఉన్న కార్డులు 34 ఏరి పెట్టాను. తక్కువ మానాకే వేయొచ్చు కదా అని ల్యాండ్లు 20 చాలనుకున్నాను. పది ఆటలు ఆడితే రెండు కూడా గెలవడం లేదు. ప్రతి కొత్త సెట్‌కీ ఇదే జరుగుతోంది. కొత్త మెకానిక్ చుట్టూ డెక్ ఎలా కట్టాలి?"

(ఈ కార్డుల ఆట తెలియనివాళ్లకు: సెట్ అంటే ఒకేసారి విడుదలయ్యే కొత్త కార్డుల గుంపు, మెకానిక్ అంటే ఆ కార్డుల్లో కొన్నిటికి ఉండే ప్రత్యేక నియమం, డెక్ అంటే నువ్వు ఆడటానికి కట్టుకున్న కట్ట. కార్డు వేయడానికి కట్టేది మానా, మానా ఇచ్చేవి ల్యాండ్లు, దాడి చేసి అడ్డుకునేవి క్రీచర్లు.) ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. మెకానిక్ పేరు చూసి కార్డులు ఏరకు. ఆ మెకానిక్ నీ దగ్గర ఏం తీసుకుంటుంది, బదులుగా ఏం ఇస్తుంది అని కాగితం మీద రాసుకో. అది అడిగేది సులువుగా ఇవ్వగల కార్డులు, అది ఇచ్చేదాన్ని బాగా వాడుకోగల కార్డులు వెతుకు. వాటిలో సగానికి పైగా కార్డుల మీద ఆ మెకానిక్ పేరే కనపడదు. నీ డెక్ మటుకు చెప్పాలంటే వార్ప్ కార్డులు 12 దగ్గర ఆపు, ల్యాండ్లు 24 లేదా 25 చెయ్యి. ఈ రెండు మార్పులతోనే తేడా కనిపిస్తుంది.

నేను నల్లగొండలో క్లాక్ టవర్ దగ్గర జిరాక్స్, డీటీపీ షాపు నడుపుతాను. ఈ ఆట ఇంజినీరింగ్ రోజుల్లో హైదరాబాద్ హాస్టల్లో నేర్చుకున్నాను. ఇప్పుడు ఆదివారాలు షాపు మీది గదిలో ఐదారుగురం కూర్చుంటాం. కొత్త సెట్ వచ్చిన ప్రతిసారీ మా వాళ్లలో ఒకరైనా నువ్వు కట్టినట్టే డెక్ కట్టుకుని వస్తారు. కాబట్టి నువ్వు అడిగింది నాకు బాగా తెలిసిన బాధ.

వార్ప్ సంగతి చూద్దాం. కార్డుకు రెండు ధరలు ఉంటాయి: అసలు ధర, వార్ప్ ధర. చేతిలో నుంచి వార్ప్ ధరకు వేస్తే క్రీచర్ బోర్డు మీదికి వస్తుంది, ఆ టర్న్ చివర ఎగ్జైల్‌లోకి, అంటే ఆట బయట పక్కన పెట్టే చోటికి, పోతుంది. తర్వాత ఏ టర్న్‌లోనైనా అక్కడి నుంచి అసలు ధర కట్టి మళ్లీ వేసుకోవచ్చు. క్వాంటం రిడ్లర్‌నే తీసుకో. అసలు ధర 5 మానా, వార్ప్ ధర 2. బలం 4/6 (పవర్, అంటే కొట్టే దెబ్బ 4, ఓర్చుకునేది 6), ఎగురుతుంది, బోర్డు మీదికి వచ్చినప్పుడు ఒక కార్డు తీసుకుంటావు. రెండో టర్న్‌లో వార్ప్‌తో వేస్తే ఒక కార్డు చేతికొస్తుంది. తర్వాత 5 మానా కట్టి మళ్లీ వేస్తే ఇంకో కార్డు, దాంతో పాటు కదలకుండా నిలబడే 4/6. ఒకే కార్డు రెండు సార్లు పనిచేసింది.

ఇప్పుడు అది ఏం తీసుకుంటుందో చూడు. హేస్ట్ (వచ్చిన టర్న్‌లోనే దాడి చేసే శక్తి) లేని క్రీచర్‌ని వార్ప్‌తో వేస్తే అది ఆ టర్న్‌లో దాడి చేయలేదు. టర్న్ చివర వెళ్లిపోతుంది కాబట్టి అవతలివాడి టర్న్‌లో అడ్డు నిలబడదు. పూర్తి లాభం కావాలంటే వార్ప్ ధర, అసలు ధర రెండూ కట్టాలి. రిడ్లర్‌కి మొత్తం 7 మానా అయింది. మనం వార్ప్ ధర '2' చూసి ఇది చవక కార్డు అనుకుంటాం. నిజానికి ఇది ఖరీదైన కార్డు, వాయిదాల మీద కడుతున్నాం, అంతే. వాయిదాల్లో బండి కొన్నవాడికి నెలనెలా జీతం రావాలి కదా, ఇక్కడ ఆ జీతం ల్యాండ్లు.

60 కార్డుల్లో 20 ల్యాండ్లంటే మూడు కార్డులకు ఒక ల్యాండ్. ఐదు ల్యాండ్లు కనపడాలంటే సగటున 15 కార్డులు చూడాలి. ఏడు కార్డులతో మొదలుపెట్టి మొదట ఆడేవాడికి 15వ కార్డు తొమ్మిదో టర్న్‌లో వస్తుంది. అప్పటికి ఆట అయిపోయి ఉంటుంది. అదే 25 ల్యాండ్లు పెడితే 12 కార్డుల్లో సగటున ఐదు వస్తాయి, అంటే ఆరో టర్న్. నీ క్రీచర్లన్నీ ఒకసారి తొంగిచూసి ఎగ్జైల్‌లో కూర్చుండిపోవడానికి కారణం ఇదే. నువ్వు సరిగ్గా ఆడటం లేదని కాదు, వాటిని వెనక్కి పిలిచే డబ్బు నీ డెక్‌లో లేదు.

ఇంకో లెక్క కూడా చెయ్యి. నీ 34 కార్డుల్లో హేస్ట్ లేనివి, బోర్డు మీదికి వచ్చినప్పుడు ఏ పనీ చేయనివి ఎన్ని? వాటిని ఒట్టిగా వార్ప్ చేయడమంటే మానా కట్టి గాలికి వదిలేయడమే. అవి మొదట తీసెయ్.

మరి ఖాళీ అయిన చోట ఏం పెట్టాలి? వార్ప్ ఇచ్చేదేంటి? ఒక టర్న్ పాటు, తక్కువ ధరకు, పెద్ద క్రీచర్. అలాంటిది ఎవరికి కావాలి? అదే సెట్‌లో స్టేషన్ ఉన్న ఓడలున్నాయి. స్టేషన్ అంటే నీ క్రీచర్‌ని పక్కకు తిప్పి, దాని పవర్ ఎంతో అన్ని కౌంటర్లు ఓడ మీద పెట్టడం. అప్పుడే వచ్చిన క్రీచర్ దాడి చేయలేకపోయినా స్టేషన్‌కి తిప్పొచ్చు, దానికి అడ్డు లేదు. అంటే 2 మానాకు వచ్చిన రిడ్లర్ కార్డు తెచ్చి, పోయే ముందు ఓడ మీద నాలుగు కౌంటర్లు పెట్టి పోతుంది. వాహనాల క్రూ (వాహనం కార్డును నడపడానికి క్రీచర్లను పక్కకు తిప్పడం) కూడా ఇంతే, అప్పుడే వచ్చినవాడైనా బండెక్కొచ్చు. వాయిడ్ అనే ఇంకో మెకానిక్ ఈ టర్న్‌లో ల్యాండ్ కానిది ఏదైనా బోర్డు వదిలి పోయిందా, లేదా వార్ప్‌తో ఏదైనా వేశారా అని అడుగుతుంది. ఎలాగూ పోబోయే క్రీచర్ని బలిచ్చి లాభం పొందే కార్డులు నలుపు రంగులో ఎప్పటినుంచో ఉన్నాయి. నీ క్రీచర్‌ని నీ చేతికే తిరిగి తెచ్చుకునే నీలం కార్డులతో మళ్లీ వార్ప్ ధరకే వేసుకోవచ్చు.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఇంకోటుంది. క్రీచర్‌ని క్షణం పాటు ఎగ్జైల్ చేసి వెంటనే బోర్డు మీదికి తిరిగి తెచ్చే స్పెల్స్ తెలుపు, నీలం రంగుల్లో ఏళ్లుగా వస్తున్నాయి. ఆట నియమాల ప్రకారం అలా తిరిగొచ్చింది కొత్త క్రీచర్ కింద లెక్క. టర్న్ చివర వార్ప్ వెతికేది పాతదాన్ని. అది దొరకదు. కాబట్టి రెండు మానాకు వచ్చిన క్రీచర్ శాశ్వతంగా నీ దగ్గరే ఉండిపోతుంది, పైగా వచ్చినప్పుడు చేసే పని రెండోసారి చేస్తుంది. మొదటిసారి మా గదిలో ఒక ఇంటర్ పిల్లాడు ఇది వేసి చూపించినప్పుడు నాకు నిజంగా గుండె కొట్టుకుంది. వాడు సెట్ కార్డులన్నీ పక్కన పెట్టి తన పాత డబ్బాలో అడుగున వెతికి తెచ్చుకున్న స్పెల్ అది. ఆ స్పెల్ మీద వార్ప్ అనే మాట ఎక్కడా లేదు. (నువ్వు ఆడే ఫార్మాట్‌లో, అంటే ఆట రకంలో, ఏ స్పెల్స్ చెల్లుతాయో చూసుకుని పెట్టుకో.)

ఇప్పుడు ఈ పద్ధతి నేనెక్కడ నేర్చుకున్నానో చెప్తాను, ఎందుకంటే నేర్చుకోవడానికి ఒక సంవత్సరం పైనే ఓడిపోయాను.

2016 సెప్టెంబర్ చివర్లో కలదేశ్ సెట్ వచ్చింది. మన దేశపు నగిషీలు, చీరలు, ఇత్తడి పని చూసి గీసిన లోకం. పదీమ్, రష్మి లాంటి పేర్లు కార్డుల మీద చదివినప్పుడు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. (కథలో ఆ లోకం పేరు తర్వాత అవిష్కార్‌గా మారింది, 2025లో వచ్చిన ఏథర్‌డ్రిఫ్ట్‌లో ఆ పేరే వాడారు.) ఆ సెట్‌లో కొత్త మెకానిక్ ఎనర్జీ. కొన్ని కార్డులు ఎనర్జీ కౌంటర్లు ఇస్తాయి, కొన్ని వాటిని ఖర్చుపెట్టి పని చేస్తాయి. కౌంటర్లు టర్న్ మారినా పోవు, నీ దగ్గరే నిలవ ఉంటాయి.

నేను ఎలక్ట్రోస్టాటిక్ పమ్మెలర్ అనే కార్డు మీద మనసు పారేసుకున్నాను. 3 మానా, 1/1 క్రీచర్. వచ్చినప్పుడు మూడు ఎనర్జీ ఇస్తుంది, మూడు ఎనర్జీ ఖర్చుపెడితే దాని పవర్ రెట్టింపవుతుంది. ఒకటి రెండు, రెండు నాలుగు, నాలుగు ఎనిమిది. ముందు ఒక స్పెల్‌తో కొంచెం పెంచి ఆ తర్వాత రెట్టింపు చేస్తే ఒక్క దెబ్బతో 20 ప్రాణాలు తీయొచ్చు. మిగతా డెక్ అంతా ఎనర్జీ ఇచ్చే కార్డులు, పవర్ పెంచే స్పెల్స్. కుదిరిన రోజు చూడటానికి రెండు కళ్లూ చాలవు. కుదరని రోజులు చాలా ఎక్కువ. పమ్మెలర్ రాకపోతే పద్నాలుగు ఎనర్జీ పోగేసుకుని చేయడానికి పనిలేక కూర్చునేవాణ్ని. వస్తే, నేను ఎనర్జీ కట్టగానే, ఆ టర్న్‌లో తన బోర్డు మీది కార్డు ఏదైనా వదిలి పోయి ఉంటే చాలు, ఎదుటివాడు ఒక నల్ల మానాతో ఫేటల్ పుష్ వేసి చంపేవాడు. అది 2017 జనవరిలో వచ్చిన ఈథర్ రివోల్ట్‌లోని కార్డు. నా ఎనర్జీ, నా స్పెల్, నా క్రీచర్ మూడూ ఒక్క కార్డుకు పోయేవి.

మా రూమ్మేట్ అదే ఎనర్జీతో ఆకుపచ్చ, నీలం, ఎరుపు కలిపి టెమూర్ ఎనర్జీ ఆడేవాడు. అప్పట్లో టోర్నమెంట్లు గెలిచిన డెక్ అది. వాడి కార్డులు విడివిడిగా చూస్తే ఏమంత గొప్పగా కనపడవు. వర్లర్ వర్చుఓసో 3 మానాకు 2/3, వచ్చినప్పుడు మూడు ఎనర్జీ ఇస్తుంది, మూడు ఎనర్జీకి ఎగిరే 1/1 ఒకటి చేస్తుంది. దానికి ఎవరి తోడూ అవసరం లేదు, తనది తనే తెచ్చుకుంది. హార్నెస్డ్ లైట్నింగ్ మూడు ఎనర్జీ ఇచ్చి, ఎంత ఖర్చుపెడితే అంత దెబ్బ కొడుతుంది. అవసరమైనంత కొట్టి మిగిలింది దాచుకోవచ్చు. లాంగ్‌టస్క్ కబ్ 2 మానాకు 2/2, దెబ్బ తగిలించిన ప్రతిసారీ రెండు ఎనర్జీ, ఆ రెండు ఎనర్జీతో తనే పెరుగుతుంది.

మా పెదనాన్నకు బత్తాయి తోట ఉంది. మా దగ్గర తోట పెట్టేవాడు మొక్కల కంటే ముందు బోరు గురించి ఆలోచిస్తాడు. నీళ్లు ఎన్ని ఇంచులు పడ్డాయో చూసి ఎన్ని ఎకరాలో తేల్చుకుంటాడు. నా డెక్‌లో పది బోర్లు, ఒకే ఒక్క చెట్టు. ఇంకొందరు చేసేది దీనికి తలకిందులు, బోరు లేకుండా పదెకరాల తోట. మా రూమ్మేట్ డెక్‌లో మాత్రం ప్రతి చెట్టు తన బోరు తానే వేసుకుని వచ్చింది. అందుకని ఒక చెట్టును నరికేసినా తోట ఎండేది కాదు.

ఆ డెక్ ఎంత గట్టిదంటే 2018 జనవరిలో స్టాండర్డ్ ఫార్మాట్‌లో (కొత్త సెట్ల కార్డులే చెల్లే ఆట) దాని కార్డులు రెండు నిషేధించారు. ఏవి నిషేధించారో చూస్తే నాకు ఇప్పటికీ పాఠంలా ఉంటుంది. అట్యూన్ విత్ ఈథర్, రోగ్ రిఫైనర్. మొదటిది ఒక మానాకు డెక్‌లో నుంచి ఒక బేసిక్ ల్యాండ్ చేతికి తెచ్చి రెండు ఎనర్జీ ఇస్తుంది. రెండోది 3 మానాకు 3/2, ఒక కార్డు, రెండు ఎనర్జీ. ఏ పిల్లాడూ ప్యాకెట్ తెరిచి వీటిని చూసి ఎగిరి గంతేయడు. కానీ ఎనర్జీ తీసేసినా వాటి పని వాటికి ఉంటుంది: ల్యాండ్ వస్తుంది, కార్డు వస్తుంది. మెకానిక్ పైన పడే కొసరు. నువ్వు డెక్‌లో పెట్టే ప్రతి కార్డునూ ఇలా అడుగు: ఈ మెకానిక్ మాట చెరిపేస్తే ఇది నా డెక్‌లో ఉంటుందా? ఉండదు అనిపించేవి ఎనిమిది దాటితే నాకు టెన్షన్ మొదలవుతుంది.

మెకానిక్ పేరు కార్డు మీద ఉండక్కర్లేదనడానికి దీనికంటే పాత ఉదాహరణ 2003లో వచ్చిన మిర్రోడిన్ సెట్. అందులో అఫినిటీ ఉండేది, నీ బోర్డు మీద ఎన్ని ఆర్టిఫాక్ట్‌లు (యంత్రాలు, వస్తువుల కార్డులు) ఉంటే కార్డు ధర అంత తగ్గుతుంది. 2005 మార్చిలో ఆ డెక్‌ని ఆపడానికి స్టాండర్డ్‌లో ఎనిమిది కార్డులు నిషేధించారు. వాటిలో ఆరు ల్యాండ్లు! గ్రేట్ ఫర్నేస్, సీట్ ఆఫ్ ది సైనాడ్ లాంటివి. అవి ల్యాండ్లే, కానీ ఆర్టిఫాక్ట్‌లు కూడా. మామూలుగా మానా కోసం పెట్టాల్సిన చోట కూర్చుని, ఒక్క అదనపు కార్డు ఖర్చు లేకుండా అఫినిటీకి కావాల్సింది అందించాయి. వాటి మీద అఫినిటీ అనే మాట లేదు. కొత్త సెట్ వచ్చినప్పుడు నేను మెరిసే పెద్ద కార్డులకంటే ముందు ల్యాండ్లు, ఒక మానా కార్డులు చదవడం అప్పటి చరిత్ర తెలుసుకున్నాకే మొదలుపెట్టాను.

మెకానిక్‌లు రెండు రకాలని కూడా గుర్తుపెట్టుకో. ఎనర్జీ, అఫినిటీ లాంటివి తోడు అడిగేవి. తనలాంటివి, తనకు మేత వేసేవి చుట్టూ ఉంటేనే పనిచేస్తాయి. వాటికి డెక్ అంతా కట్టాలి. రెండో రకం సొంత కాళ్ల మీద నిలబడేవి. 2019లో థ్రోన్ ఆఫ్ ఎల్‌డ్రేన్‌తో వచ్చిన అడ్వెంచర్ అలాంటిది. ఒకే కార్డులో ఒక స్పెల్, ఒక క్రీచర్. ముందు స్పెల్‌గా వాడి తర్వాత క్రీచర్‌గా వేసుకుంటావు. బోన్‌క్రషర్ జెయింట్ రెండు దెబ్బలు కొట్టి, ఆ తర్వాత 4/3గా వస్తుంది. దానికి ఇంకో అడ్వెంచర్ కార్డు పక్కన ఉండక్కర్లేదు. అయినా ఎడ్జ్‌వాల్ ఇన్‌కీపర్ లాంటి కార్డు ఒకటి ఉంది: అడ్వెంచర్ ఉన్న క్రీచర్ వేసినప్పుడల్లా కార్డు ఇస్తుంది. అది పెడితే మాత్రం లెక్క మారుతుంది, అప్పుడు అడ్వెంచర్ కార్డులు ఎక్కువ కావాలి. వార్ప్ ఈ రెండో రకమే. ఒక వార్ప్ కార్డు ఇంకో వార్ప్ కార్డుకు చేసే సాయం దాదాపు ఏమీ లేదు. నువ్వు 34 పెట్టడం వల్ల వార్ప్ గట్టిపడలేదు, వాయిదాలు మాత్రం 34 అయ్యాయి.

ఇక అంకెలు. ఇవి నేను షాపు గోడ మీద రాసి పెట్టుకున్నవి. 60 కార్డుల డెక్‌లో ఒక కార్డు నాలుగు ప్రతులు పెడితే మొదటి ఏడు కార్డుల్లో కనీసం ఒకటి వచ్చే అవకాశం 100కి 40. ఒకే పని చేసే కార్డులు ఎనిమిది ఉంటే 65. పన్నెండు ఉంటే 81. నాలుగో టర్న్ దాకా (మొదట ఆడితే పది కార్డులు చూస్తావు) నాలుగు ప్రతులకు 53, ఎనిమిదికి 79, పన్నెండుకు 91. ఇప్పుడు అసలు సంగతి చూడు: "ఇదీ అదీ రెండూ కలిస్తే గెలుస్తా" అనే డెక్‌లో రెండూ నాలుగేసి ఉంటే, నాలుగో టర్న్‌కి రెండూ చేతిలో ఉండే అవకాశం 100కి 27 మాత్రమే. నాలుగు ఆటల్లో ఒకటి. మిగిలిన మూడు ఆటల్లో ఏం చేస్తావో డెక్ కట్టేటప్పుడే తెలియాలి.

అందుకే నేను కార్డుల పేర్లు లెక్కపెట్టను, పనులు లెక్కపెడతాను. ముఖ్యమైన పని ఒకటి ఉంటే దానికి వేర్వేరు పేర్లతోనైనా సరే పన్నెండు కార్డులు కేటాయిస్తాను. పమ్మెలర్ లాంటి పని చేసే కార్డు ఆ సెట్‌లో ఇంకోటి లేదు. నా డెక్ అక్కడే ఓడిపోయింది, టేబుల్ మీద కూర్చోకముందే.

పత్తాలు ఆడేవాళ్లకు ఈ మాట కొత్త కాదు. పదమూడు పత్తాల రమ్మీలో ఏడు, తొమ్మిది పట్టుకుని ఎనిమిది కోసం చూసేవాడికి ఒక్క దారి. ఏడు, ఎనిమిది పట్టుకున్నవాడికి ఆరు వచ్చినా సరే, తొమ్మిది వచ్చినా సరే. పెళ్లిళ్లలో మా బాబాయిలు ఆడుతుంటే వెనక కూర్చుని చూసి ఇది చిన్నప్పుడే నేర్చుకున్నాను. మ్యాజిక్ డెక్‌లో కూడా రెండు వైపులా అతుక్కునే కార్డు కావాలి. రిడ్లర్ స్టేషన్‌కూ పనికొస్తుంది, తిరిగి తెచ్చే స్పెల్‌కూ పనికొస్తుంది, రెండూ లేకపోయినా కార్డు తెస్తుంది.

పరీక్ష ఎలా చేయాలంటే, డబ్బు పెట్టకముందు చెయ్యి. తెల్ల కాగితాల మీద కార్డు పేరు, ధర, పని రాసి, పాత కార్డుల ముందు పెట్టి కవర్లలో దూర్చు. ఇంట్లో, స్నేహితుల మధ్య ఇలా ఆడుకోవడంలో తప్పేం లేదు. అధికారిక టోర్నమెంట్లో మాత్రం అసలు కార్డులే కావాలి. తర్వాత ఒక్కడివే కూర్చుని పది సార్లు ఏడేసి కార్డులు తీసి, ఒక్కో చేతినీ ఐదో టర్న్ దాకా ఆడు. నోట్‌బుక్‌లో మూడు విషయాలు రాయి: ఏ టర్న్‌లో మానా వాడకుండా మిగిలింది, ఏ కార్డు చేతిలో ఇరుక్కుపోయింది, ముఖ్యమైన క్రీచర్‌ని ఎదుటివాడు వెంటనే చంపేస్తే నీ దగ్గర ఏం మిగిలింది. మూడోదే అందరూ వదిలేస్తారు. ఒంటరిగా ఆడినప్పుడు ప్రతి డెక్కూ గెలుస్తుంది. నీ మంచి క్రీచర్‌ని పదిలో ఐదు చేతుల్లో కావాలనే చంపేసి చూడు.

మా గదిలో ఒక అబ్బాయి వాహనాల డెక్ కట్టాడు, పన్నెండు బండ్లు, పద్నాలుగు క్రీచర్లు. కాగితంతో పది చేతులు ఆడితే నాలుగింటిలో డ్రైవర్ లేని బండ్లు వరసగా నిలబడ్డాయి. బండ్లు ఐదుకు దింపాక అదే డెక్ మా గదిలో నెల రోజులు ఎవరికీ లొంగలేదు.

డబ్బు విషయం కూడా చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్లలో కార్డులు దొరకవు, తెప్పించుకోవాలి. కొత్త మెకానిక్ వచ్చిన మొదటి రెండు మూడు వారాలు ఖరీదైన కార్డులు కొనకు. 2020 ఏప్రిల్‌లో ఇకోరియా సెట్‌తో కంపానియన్ వచ్చింది. డెక్ బయట ఒక క్రీచర్ ఎప్పుడూ సిద్ధంగా ఉండేది, షరతుకు తగ్గట్టు డెక్ కడితే చాలు. అది ఎంత ఎక్కువైపోయిందంటే జూన్ మొదట్లోనే నియమం మార్చారు, మూడు మానా కట్టి ముందు చేతికి తెచ్చుకోవాలి అని. ఆ మధ్య రోజుల్లో కొన్న స్నేహితుడు ఒకడు చాలా బాధపడ్డాడు. 2017 జూన్‌లో ఈథర్‌వర్క్స్ మార్వెల్ అనే కార్డును నిషేధించినప్పుడూ ఇదే జరిగింది. నువ్వు ఫోన్లో అరీనా (ఇదే ఆట డిజిటల్ రూపం) ఆడితే ఇంకా జాగ్రత్త. అక్కడ వైల్డ్‌కార్డ్ (కావాల్సిన కార్డుగా మార్చుకునేది) పెట్టి చేసుకున్న కార్డు నచ్చలేదని వెనక్కి ఇచ్చుకునే వీల్లేదు. రేర్ వైల్డ్‌కార్డులు ముందు ల్యాండ్ల మీద పెట్టు, అవి ఏ డెక్‌కైనా పనికొస్తాయి.

ప్యాకెట్లు విప్పి అక్కడికక్కడే 40 కార్డుల డెక్ కట్టే ఆటలో ఇవన్నీ కొంచెం సడలుతాయి. అక్కడ 17 ల్యాండ్లు, మంచి క్రీచర్లు, చంపే స్పెల్స్ ఉంటే చాలు, మెకానిక్ వెంట పడాల్సిన పని లేదు.

సరే, నీ డెక్‌కి వద్దాం. తెలుపు, నీలం రెండు రంగులే ఉంచు. ల్యాండ్లు 25. వచ్చినప్పుడు పని చేసే వార్ప్ క్రీచర్లు 12, అందులో రిడ్లర్లు నాలుగు (లేకపోతే కాగితం మీద రాసి ముందు ఆడి చూడు). క్రీచర్‌ని ఎగ్జైల్ చేసి తిరిగి తెచ్చేవి లేదా చేతికి తెచ్చుకునేవి 6. స్టేషన్ ఓడలు 3, అంతకంటే వద్దు, ఓడ మీద ఓడ వస్తే మొదటి టర్న్‌లలో చచ్చిపోతావు. మిగిలిన 14లో ఎదుటివాడి క్రీచర్లను ఆపే స్పెల్స్ 8, రెండు మానాకే వచ్చి నిలబడి అడ్డుకునే క్రీచర్లు 6. ఆ చివరి ఆరూ ముఖ్యం. వార్ప్ క్రీచర్లు నీ టర్న్ చివర వెళ్లిపోతాయి కాబట్టి ఎదుటివాడి టర్న్‌లో నీ బోర్డు ఖాళీగా ఉంటోంది. నువ్వు ఓడిన ఆటల్లో ఎక్కువ భాగం అక్కడే పోయి ఉంటాయని నా అంచనా.

పది చేతులు ఆడి, ఆ మూడు విషయాలూ రాసి, కార్డుల పేర్లతో సహా ఇక్కడ పెట్టు. ఆదివారం మధ్యాహ్నం మా గదిలో అదే డెక్ కాగితాలతో కట్టి, మా వాళ్లతో ఆడించి, ఎక్కడ ఇరుక్కుంటోందో చెప్తాను.